కందిచేలోంచి సైకిలు దారి

పిల్లల సైకిళ్ళకు దారి వెతకాలంటే ముందు సైకిలు దిగి నడవాలి. ఈ సంగతి నాకు ఏ శిక్షణలోనూ చెప్పలేదు. వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేరేవాడికి ఈల ఊదడం, సున్నంతో గీతలు గీయడం, పిల్లలను వరసలో నిలబెట్టడం నేర్పుతారు. బడి గేటు దాటాక ఆ పిల్లలు ఏ దారిన ఇల్లు చేరతారన్నది మన పాఠం కాదు. నా ఉద్యోగం చివరి ఏళ్ళలో అదే నా పాఠమైంది. ఆటల పోటీల్లో మా బడి గెలిచిన కప్పుల గురించి చెప్పమంటే రెండు మాటల్లో ముగిస్తాను, అవి అంత తక్కువ. ఈ దారి గురించి మాత్రం, కొత్తగా ఈ ఉద్యోగంలోకి వస్తున్న మీకు, కూర్చోబెట్టి చెప్పాలనిపిస్తుంది.

మా హైస్కూలు మార్కాపురానికీ త్రిపురాంతకానికీ మధ్య పెద్ద రోడ్డును ఆనుకుని ఉండేది. చుట్టూ మెట్ట పొలాలు. కంది, పత్తి, మిరప. వాన పడితే పంట, పడకపోతే మూటాముల్లె కట్టుకుని కూలికి గుంటూరు వైపు పోవడం. మా బడికి ఆడపిల్లలు ఎక్కువగా ఒకే ఊరినుంచి వచ్చేవారు. ఆ ఊళ్ళో రైతుల ఇళ్ళు ఒకవైపు, కూలి పనులు చేసుకునే క్రైస్తవ కుటుంబాల పల్లె ఇంకోవైపు. రెండింటికీ నడుమ ఖాళీ జాగా, ఒక చర్చి, ఒక చేతిపంపు.

తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు ప్రభుత్వం సైకిళ్ళు ఇచ్చింది. మొదటి వారం బడి ఆవరణ తిరణాలలా ఉంది. పిల్లలు పెద్ద రోడ్డు మీదే వచ్చేవారు. ఒకరోజు పక్కనుంచి లారీ దూసుకుపోయిన గాలికి ఒక పిల్ల చున్నీ చక్రంలో చుట్టుకుంది. పిల్ల పడింది రోడ్డు అంచున, మట్టి వైపు. మోకాలు చీరుకుపోయింది, అంతే. కానీ ఆ సాయంత్రానికి ఊరంతా అదే మాట. మరుసటి వారానికి సైకిళ్ళన్నీ ఇళ్ళకు పరిమితమయ్యాయి. స్టాండు వేసిన సైకిలు తువ్వాళ్ళు ఆరేయడానికీ మేకపిల్లను కట్టేయడానికీ ఎంత బాగా పనికొస్తుందో ఆ ఏడు నేను కళ్ళారా చూశాను.

హెడ్మాస్టరు నన్ను పిలిచారు. "సైకిలు తొక్కడం గూడా వ్యాయామమే గదా సార్. ఒక దారేదో మీరే చూడండి" అన్నారు. ఆయన సగం వేళాకోళంగా అన్నారు. నేను పూర్తిగా పట్టించుకున్నాను.

నాతో పాటు పట్టించుకున్న మనిషి మా హిందీ టీచరు. ఆమెది చంద్రశేఖరపురం వైపు ఒక పల్లె. తల్లిదండ్రులు పొలం కూలీలు. నడిచి చదువుకుంది. చెప్పుల్లేకుండా బడికి వచ్చిన రోజుల గురించి ఆమె నవ్వుతూ చెప్పేది, విన్నవాళ్ళం నవ్వలేకపోయేవాళ్ళం. హాస్టల్లో ఉన్నప్పుడు ఎవరిదో సైకిలు మీద తొక్కడం నేర్చుకుందట. "దారి చూసేదానికి పోతా ఉన్నారంట, నేనూ వస్తా సార్" అని ఒక ఆదివారం చర్చి నుంచి నేరుగా, తెల్లచీర కొంగు నడుముకు దోపుకుని, ఒక పిల్ల సైకిలు అడిగి తీసుకుని వచ్చేసింది.

మొదట నేను ఎంచుకున్నది వాగు గట్టు దారి. అది చూస్తే ఏ డ్రిల్లు మాస్టారుకైనా ముచ్చటేస్తుంది. ఎత్తుపల్లాలు లేవు. తుమ్మచెట్ల నీడ. పొద్దున ఎండ కళ్ళల్లో పడదు, ఆషాఢం గాలికి ఎదురు తొక్కే పని లేదు. ముళ్ళు ఏరిస్తే చాలు. నేను గొప్పగా చూపిస్తూ పోతున్నాను. ఆమె సైకిలు దిగి నిలబడింది. ముందుకు చూసింది, వెనక్కు చూసింది.

"ఇక్కడ పిల్ల పడిపోయి కేకేస్తే ఎవరికి వినపడతాది సార్?"

"ఎవరూ లేకపోవడమే గదా మేడమ్ మనకు కావాల్సింది? ఒక్క బండి గూడా రాదు."

"బండ్లు లేకుంటే మీకు ధైర్యం. మనుషులు ఉంటే మాకు ధైర్యం. ఈ దారిన ఏ తల్లీ పంపదు."

నేను వాదించాను. చెట్ల నీడ గురించి చెప్పాను, గాలి గురించి చెప్పాను. ఆమె సైకిలు వెనక్కు తిప్పింది. అప్పటినుంచి మేమిద్దరం ఒకే దారిని రెండు రకాలుగా చూస్తూ తిరిగాం. నేను నేలకేసి చూసేవాణ్ణి: పల్లేరు కాయలు, ఇసుక, చక్రం జారే గులకరాళ్ళు. ఆమె చుట్టూ చూసేది: ఏ ఇంటి గుమ్మం ఇటువైపు ఉంది, ఏ చేలో పొద్దున కలుపు తీసేవాళ్ళుంటారు, ఎక్కడ పేకాట ఆడేవాళ్ళు కూర్చుంటారు. చివరికి ఇద్దరికీ నచ్చిన దారి ఒకటి దొరికింది. ఊళ్ళోంచి పల్లెలోకి వచ్చి, చర్చి పక్కగా, పాత బండ్ల దారిలో పొలాల మీదుగా బడి వెనక గోడ దగ్గర తేలుతుంది. పెద్ద రోడ్డు ఎక్కే పనే లేదు. ఒక్కటే చిక్కు. నడుమ ఒకచోట బండ్ల దారి మాయమైపోయింది. ఒక పెద్దాయన తండ్రి కాలంలోనే దాన్ని చేలో కలిపి దున్నేశారు. ఇప్పుడక్కడ కందిచేను.

ఆ పెద్దాయన నోరు మంచిది కాదని ఊళ్ళో పేరు. మేము వెళ్ళేసరికి గట్టు మీద నిలబడి చిలకల్ని తోలుతున్నాడు. అరిచి అరిచి గొంతు బొంగురుపోయి ఉంది.

"ఏంది అయ్యవారూ, డ్రిల్లు నా చేలో చేయిస్తావా ఏంది?"

సంగతి చెప్పాను. చేను అంచున సైకిలు పట్టేంత జాగా వదిలితే చాలన్నాను. ఆయన పైపంచె దులిపి భుజాన వేసుకున్నాడు.

"పల్లె పిల్లలు గూడా వస్తారా?"

ఆ ప్రశ్న ఎటు పోతుందో ముప్పై ఏళ్ళుగా చూసినవాణ్ణి. నేను ఏదో సర్దిచెప్పబోతుంటే హిందీ టీచరు ముందుకు వచ్చింది.

"వస్తారు పెదనాయనా. అందరూ ఒకటే వరసలో వస్తారు. వేరే వేరేగా పంపించము."

ఆయన ఆమెను చూశాడు, చేనును చూశాడు, పైన ముసురుతున్న చిలకల్ని చూశాడు.

"సైకిళ్ళకు గంటలుండాయా?"

"ఉండాయి."

"అట్లయితే నా చేలోకి రాంగానే అందరినీ కొట్టమను. రాత్రి పందులు, పగలు ఈ చిలకలు. ఒక్కణ్ణే అరవలేక సస్తన్నా."

నాలుగు రోజుల్లో గుంటక తోలి ఆయనే అంచు చదును చేశాడు. తన చేతులతో తుమ్మకంప తీసి పక్కన పడేశాడు. పడుచు రోజుల్లోనూ అంత శ్రద్ధగా పని చేయలేదని ఆయన భార్య మాతో అంది.

తల్లిదండ్రుల్ని ఒప్పించడం హిందీ టీచరు వంతు. ఇల్లిల్లూ తిరిగింది. నా వంతు పిల్లలకు వరస నేర్పడం. ముందు ఒక పిల్ల, చివర ఒక పిల్ల, వాళ్ళిద్దరూ స్థిమితమైన వాళ్ళయి ఉండాలి. ముందు పిల్ల రైతుల ఇంటి అమ్మాయి, ఎప్పుడూ తొందరపడేది కాదు. చివరి పిల్ల పల్లె అమ్మాయి. పొడగరి, ఖోఖోలో దాన్ని పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. జిల్లా జట్టుకు పంపాలని నేను కలలు కంటున్న పిల్ల. దాని మెడలో నా ఈల వేశాను. "వెనక ఏదన్నా వస్తే ఊదు. నువ్వు ఊదినాక అందరూ ఎడమకు దిగిపోవాలి. నువ్వు మటుకు అందరూ దిగినాకే దిగాల" అని చెప్పాను. అది తలూపింది. వెనక ఏం వస్తుందని నేను అనుకున్నాను? మహా అయితే ఎడ్లబండి, లేకపోతే గొర్రెల మంద.

ఆ తర్వాతి నెలలు నా ఉద్యోగంలో నేను అచ్చంగా సంతోషపడ్డ రోజులు. పొద్దున నేను బడి వెనక గోడ దగ్గర నిలబడేవాణ్ణి. ముందు గంటల మోత వినపడేది. చిలకలు ఒక్కసారిగా లేచేవి. ఆ తర్వాత కందిచేను పైన పిల్లల తలలు కదులుతూ కనపడేవి. పెద్దాయన గట్టు మీద నిలబడి, "ఇంకా గట్టిగా కొట్టండి మే, ఏం తినలేదా పొద్దున?" అని అరిచేవాడు. హిందీ టీచరు వారంలో రెండు మూడు రోజులు పిల్లలతోనే వచ్చేది. పంక్చరు వేయడం పిల్లలకు నేర్పించాను. రిపేరు షాపు వాడు నా మీద కోపం పెట్టుకున్నాడు.

ఒక రెండో శనివారం పిల్లలు పట్టుబట్టడంతో త్రిపురాంతకం దాకా పోయాం, ఊళ్ళ మధ్య దారుల్లోనే. ముందే నేనూ హిందీ టీచరూ తొక్కి చూసి, నీళ్ళు దొరికే చోట్లు, ఆగే నీడలు ఖాయం చేసుకున్నాం. కొండ కింద చింతచెట్టు నీడన కూర్చుని అన్నాలు విప్పారు. ముందు పిల్ల తన డబ్బాలోది సగం చివరి పిల్లకు పెట్టి, దాని డబ్బాలో గోంగూర పచ్చడి తను కలుపుకుని తింది. మాటల్లో పడి తిన్నారు, వాళ్ళకదేమీ విశేషం కాదు. నేనూ హిందీ టీచరూ చూశాం. ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. తిరిగి వచ్చేటప్పుడు ఆమె ఈల పాట ఏదో పాడుతూ తొక్కింది.

వానలు వచ్చాయి. మా వైపు వాన రావడమే ఒక పండగ. కానీ అది నల్లరేగడి. తడిస్తే బంకలా చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య దూరి సైకిలును కదలనీయదు. పిల్లలు సైకిళ్ళు మోసుకుని, మోకాళ్ళ దాకా బురదతో, మొదటి పీరియడు అయ్యాక వచ్చేవారు. కొందరు తల్లులు మళ్ళీ మాన్పించే ఆలోచనలో పడ్డారు. అప్పుడే ఊరంతా కలిసి దారికి అర్జీ పెట్టాలనుకుంది. హెడ్మాస్టరు, సర్పంచి, తల్లిదండ్రులు, మేమూ. అందరికంటే ముందు సంతకం చేసింది పెద్దాయన. "కందులు మార్కాపురం తోలాలంటే నడుం ఇరిగిపోతా ఉండాది. రోడ్డు పడితే నా చేను కాడికే బండి వస్తాది" అన్నాడు. ఆయన ముఖంలో పిల్లల ముఖాల్లో ఉన్నంత ఆశ ఉంది.

చూడడానికి వచ్చిన ఇంజినీరు కుర్రవాడు, మర్యాదస్తుడు. నేను ఆయనకు విడమరిచి చెప్పాను. వెడల్పు వద్దు, గ్రావెల్ పరిచి, పక్కన నీళ్ళు పోయేలా కాలువ తీస్తే చాలు, సైకిళ్ళకే కదా అన్నాను. ఆయన టోపీ తీసి తల తుడుచుకున్నాడు.

"సైకిళ్ళకు దారి అనే పద్దు మా దగ్గర లేదు సార్. లింకు రోడ్డు అంటే ఉంది. తారు రోడ్డే వస్తుంది, పూర్తి వెడల్పుతో. ఇప్పుడు కాదంటే మళ్ళీ ఎప్పుడో నేను చెప్పలేను."

నేను హిందీ టీచరును చూశాను. ఆమె పెద్దాయనను చూసింది. పెద్దాయన నవ్వుతూ, "తారంటే ఇంకా మేలు గదా అయ్యవారూ!" అన్నాడు. మేమూ నవ్వాం. బురదలో సైకిలు మోసుకొచ్చే పిల్లలకు తారు రోడ్డు వద్దని ఏ నోటితో అంటాం? ఇప్పుడు తలుచుకున్నా అక్కడ వేరే మాట చెప్పి ఉండేవాణ్ణని నేను అనుకోను. అదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

రోడ్డు పెద్దాయన చేను అంచున కాకుండా వంపు లేకుండా నడుమలోంచి పోయింది. గట్టు మీది వేపచెట్లు రెండూ కొట్టేశారు. ఆయన కాసేపు మొద్దుల దగ్గర కూర్చుని లేచాడు. "పిల్లోళ్ళ కోసం గదా, పోనీలే" అన్నాడు. తారు ఆరగానే పిల్లలు దాని మీద ఎగిరినంత పని చేశారు. కాళ్ళు పెడళ్ళ మీదనుంచి తీసి చాచి, తొక్కకుండానే వాలు మీద జారిపోతూ కేకలు పెట్టారు. హిందీ టీచరు కూడా అలాగే కాళ్ళు చాచి జారింది. నేను చూస్తున్నానని సిగ్గుపడి సర్దుకుంది.

మొదటి టిప్పరు ఎప్పుడు వచ్చిందో నాకు సరిగ్గా గుర్తు లేదు. దారి తప్పి వచ్చిందనుకున్నాం. కానీ పెద్ద రోడ్డు మీద ఎక్కువ బరువు వేసుకున్న బండ్లను ఆపి చూస్తున్నారని, ఈ లింకు రోడ్డున పడితే ఎవరి కంటా పడకుండా అవతల తేలవచ్చని, క్వారీల వైపు ఎవరో కనిపెట్టారు. ఒకటి పది అయింది. కంకర, మట్టి వేసుకుని రోజంతా. తారు అంచులు విరిగిపోయాయి. పిల్లల బట్టల మీద, పుస్తకాల మీద తెల్లటి దుమ్ము. పెద్దాయన చేను మొదట్లో రెండు నాపరాళ్ళు పాతాడు. ట్రాక్టర్లు పోవాలి, అంబులెన్సు రావాలి అని ఊరివాళ్ళే పీకించారు. వాళ్ళు చెప్పిందీ నిజమే. సర్పంచితో పాటు పోలీసు స్టేషనుకు పోయి చెప్పుకున్నాం. రెండు రోజులు ఒక కానిస్టేబులు వచ్చి నిలబడ్డాడు. ఆ రెండు రోజులూ టిప్పర్లు రాలేదు.

ఒకరోజు నేనే రోడ్డుకు అడ్డంగా నిలబడి ఒక టిప్పరును ఆపాను. డ్రైవరు తల బయటపెట్టి, చప్పున ఇంజను ఆపి దూకాడు.

"సార్! నన్ను గుర్తుపట్టినారా? కబడ్డీలో రైడరును."

గుర్తుపట్టాను. మా బడిలో చదివినవాడే. పాయింటు తెచ్చినప్పుడల్లా నా వైపు చూసి నవ్వేవాడు. అలాగే నవ్వుతున్నాడు. నాకు తిట్టడానికి నోరు రాలేదు.

"ఏంది నాయనా ఇది? ఈ దారిన పిల్లలు బడికి వస్తారు. మీకు పెద్ద రోడ్డు లేదా?"

వాడి నవ్వు పోయింది. "తెలుసు సార్. మా అక్క కూతురు గూడా వస్తాది ఈ దారినే. కానీ ఓనరు ఇట్లనే రమ్మంటాడు. నేను రానంటే ఇంకొకణ్ణి పెట్టుకుంటాడు, వాడు నాకంటే స్పీడుగా పోతాడు."

"అట్లయితే ఒక్క పని చెయ్యి. బడి టైములో పిల్లలు కనపడితే నిదానంగా వాళ్ళ వెనకే రా. హారన్ కొట్టి బెదరగొట్టద్దు."

"అట్లనే సార్. మీ మాట నేనెప్పుడన్నా దాటినానా?"

నిజంగానే దాటలేదు. ఆ తర్వాత వాడి బండి పిల్లల వెనక ఎడ్లబండిలా రావడం నేను చాలాసార్లు చూశాను. పిల్లలకు వాడంటే భయం పోయింది. చేయి ఊపేవారు.

ఆ రోజు పొద్దున మంచు పట్టి ఉంది. చలికాలంలో మా వైపు కొన్ని రోజులు కొండల మీదినుంచి దిగే మంచు, పొద్దెక్కేదాకా పొలాల మీదే పడుకుంటుంది. నేను మామూలుగానే వెనక గోడ దగ్గర నిలబడ్డాను. గంటలు వినిపించాయి. తర్వాత ఈల వినిపించింది. ఒకసారి కాదు, ఆగకుండా, ఊపిరి పట్టి ఊదినట్టు. నేను అప్పటికే పరుగెత్తుతున్నాను.

జరిగిందేమిటో తర్వాత అందరూ చెప్పగా తెలిసింది. పిల్లల వెనక మా కబడ్డీ కుర్రవాడి టిప్పరు నిదానంగా వస్తోంది. దాని వెనక ఇంకో టిప్పరు. ఆ డ్రైవరు కొత్తవాడు. మంచులో ముందు బండి ఎందుకు పాకుతోందో వాడికి కనపడలేదు. విసుగొచ్చి దాటబోయాడు. పక్కకు వచ్చాక పిల్లలు కనపడ్డారు. చివరి పిల్ల ఈల ఊదింది. నేర్పినట్టే అందరూ ఎడమకు, చేలోకి దిగిపోయారు. నేర్పినట్టే అది అందరూ దిగేదాకా ఆగింది. తారు అంచు అక్కడ విరిగి లోతుగా ఉంది. దాని చక్రం ఆ అంచున ఇరుక్కుంది. పిల్ల చేను వైపే పడింది, కానీ ఒక కాలు సైకిలు కింద, రోడ్డు మీద ఉండిపోయింది. దాటబోయిన బండి ఆగలేకపోయింది.

నేను చేరేసరికి కబడ్డీ కుర్రవాడు దాన్ని రెండు చేతులతో ఎత్తుకుని నిలబడి ఉన్నాడు. "సార్, నేను నిదానంగానే వచ్చినా సార్, నేను నిదానంగానే వచ్చినా" అని ఏడుస్తున్నాడు. పిల్ల ఏడవడం లేదు. నన్ను చూసి, "అందరూ దిగినారా సార్?" అని అడిగింది. దిగారమ్మా అన్నాను. టిప్పరు క్యాబిన్లోనే దాన్ని ఒళ్ళో పెట్టుకుని మార్కాపురం పోయాం. దారి పొడుగునా వాడు హారన్ కొడుతూనే ఉన్నాడు.

ప్రాణానికి భయం లేదన్నారు. పాదం ముందు భాగం మాత్రం మిగల్లేదు. ఆసుపత్రి వరండాలో వాళ్ళమ్మ నేల మీద కూర్చుని ఉంది. కూలి పనిలోంచి అలాగే వచ్చింది, చేతులకు మిరపకాయల ఎరుపు. హిందీ టీచరు ఆమె పక్కన కూర్చుని చేయి పట్టుకుని ప్రార్థన చేస్తోంది. నేను ఎక్కడ నిలబడాలో తెలియక నీళ్ళ కోసం పోయి, బాటిలు చేత్తో పట్టుకుని చాలాసేపు మెట్ల దగ్గరే ఉండిపోయాను.

మరుసటి రోజు బడికి ఒక్క సైకిలు రాలేదు. కొన్నాళ్ళకు అదే రోడ్డు మీద ఆటోలు మొదలయ్యాయి. పిల్లలు ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చుని, కాళ్ళు బయటకు వేలాడేసుకుని వచ్చేవారు. కొందరు పల్లె పిల్లలు ఆటోలో కూడా రాలేదు. వాళ్ళకోసం హిందీ టీచరు మళ్ళీ ఇల్లిల్లూ తిరిగింది. ఈసారి ఆమెతో ఎవరూ గట్టిగా మాట్లాడలేదట, కాదనీ అనలేదట, అవుననీ అనలేదట. ఆ వేసవిలో ఆమెకు కంభం వైపు బదిలీ అయింది. వెళ్ళే రోజు స్టాఫ్ రూములో, "మనం ఏం తప్పు చేసినాం సార్?" అని అడిగింది. ఏమీ చేయలేదన్నాను. "అట్లయితే నిద్రెందుకు పట్టదు?" అంది. ఇప్పటికీ పండక్కి ఫోను చేసుకుంటాం. ఆ దారి మాట ఇద్దరమూ ఎత్తం.

కబడ్డీ కుర్రవాడు టిప్పరు మానేసి, ఊరు విడిచి ఎక్కడో బట్టల మిల్లులో చేరాడని విన్నాను. పెద్దాయన చేను రెండు ముక్కలైంది. ఈ ముక్కలోంచి ఆ ముక్కలోకి పోవాలంటే బండ్లు ఆగేదాకా నిలబడాలి. ఒకసారి కనపడితే, ఆయన నన్ను తిడతాడనుకున్నాను. "చిలకలు గూడా రావడంల్యా ఇప్పుడు. దుమ్ముకు కంది కాయ పట్టదు, అవెందుకు వస్తాయి" అన్నాడు, అంతే.

పాదం పోయిన పిల్ల ఏడాది ఆలస్యంగా పదో తరగతి పాసైంది. పరీక్ష హాలుకు నేనే బండి మీద దింపేవాణ్ణి. బాగా మాట్లాడేది, నవ్వేది. గ్రౌండులో ఖోఖో జరుగుతుంటే మాత్రం అటు చూసేది కాదు. బండి మీద వెనక దాని బరువు నాకు తెలిసేది కాదు, అంత బక్కచిక్కిపోయింది. జిల్లా జట్టు పేర్లు వచ్చిన రోజు నేను సెలవు పెట్టాను.

నా ఆఖరి ఏడు మళ్ళీ తొమ్మిదో తరగతికి సైకిళ్ళు వచ్చాయి. కొత్త హెడ్మాస్టరుకు పాత సంగతులు తెలియవు. ఎవరో చెప్పారేమో, "ఇదివరకు మీరే దారి చూసినారంట గదా సార్, ఈసారీ చూడండి" అన్నారు. నేను చూశాను. దిగి నడిచాను. వాగు గట్టు ఇసుక తవ్వకానికి తెగిపోయింది. పొలాల మధ్య దారులు ఒక్కొక్కటే చేలల్లో కలిసిపోయాయి, లేదా తారు పడి రోడ్లయ్యాయి. తల్లిదండ్రుల మీటింగులో నిలబడి, ఈ సైకిళ్ళు ఇంటి దగ్గర, పల్లెలో తొక్కుకోవడానికి ఉంచండి, బడికి మటుకు ఆటోలోనే పంపండి అని చెప్పాను. దారి లేదని చెప్పడానికి అంతమంది ముందు నిలబడడం అదే మొదటిసారి. సంతకాలు పెట్టి ఒక్కొక్కరే సైకిలు తీసుకున్నారు.

చివర్లో ఒక తల్లి మిగిలింది. ఆసుపత్రి వరండాలో నేల మీద కూర్చున్న ఆమే. చిన్న కూతురు ఆ ఏడే తొమ్మిదికి వచ్చింది. పిల్లకు జ్వరమని తనే వచ్చింది. ఆమెకు తొక్కడం రాదు. హ్యాండిలు పట్టుకుని, ఎటు తిప్పితే ఎటు పోతుందో చూసుకుంటూ నిలబడింది. ఆటో ఏదీ ఆ సైకిలును ఎక్కించుకోనంది.

"నేను నడిపించుకుని పోతాలే సారూ" అంది.

నేనూ వస్తానన్నాను. వద్దనలేదు. ఇద్దరం ఆ రోడ్డు పట్టాం. ఆమె సైకిలును మట్టి అంచున నడిపిస్తోంది. నేను తారు మీద, ఆమె పక్కన నడుస్తున్నాను. ఏదన్నా వస్తే ముందు నాకు తగలాలని మనసులో ఉందేమో, అంతకంటే నాకు చేతనైన పని ఏమీ కనపడలేదు. పెద్దకూతురు మార్కాపురంలో డిగ్రీ చదువుతోందని, హాస్టల్లో ఉంటోందని చెప్పింది. సంతోషమన్నాను. ఆ తర్వాత ఏదో చెప్పాలని, అన్నాళ్ళుగా చెప్పలేనిది ఆ రోజైనా చెప్పాలని నోరు తెరిచాను. వెనక టిప్పరు హారన్ మోగింది.

ఆమె సైకిలును చేను వైపుకు ఇంకాస్త జరిపింది. జాగా లేకపోయినా, తను కంపలోకి ఒదిగి నాకోసం కాస్త చోటు చేసింది. నా చొక్కా చేయి పట్టి లాగింది.

"ఆ పక్కన నడుస్తా ఉండావేంది సారూ? బండ్లొస్తా ఉండాయి. ఇట్ల రా."